ఫోన్లు మార్చుకున్న మధ్యాహ్నాలు

ఫోను వస్తే నాకు ముందు కడుపులో తెలిసేది, తర్వాతే చెవికి. స్కూల్లో సైలెంటులో ఉంచాలని రూలు కాబట్టి నిజానికి అది మోగేది కూడా కాదు, బ్యాగులో గుర్రుమని వణికేది. ఏడో తరగతికి నదుల పాఠం చెబుతూ, కుర్చీకి తగిలించిన ఆ బ్యాగు వైపు చూడకుండా ఉండడానికి బోర్డు మీద అవసరం లేని ఉపనదులు కూడా గీసేదాన్ని. పిల్లలు పాపం అవన్నీ నోట్సులోకి ఎక్కించుకునేవారు.

చోడవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని నేను. అప్పట్లో నాకు ఆరు అప్పులుండేవి. పేరుకే ఆరు. మొదటిదొక్కటే అసలు అప్పు, మిగతా ఐదూ దాని సంతానం. మా తోడికోడలు అనకాపల్లిలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి వాళ్ళకి బట్టలు పెట్టాలి. ఓ మామూలు చీర, పంచెల చాపు పెడితే ఎవరూ ఏమీ అనుకోరు. కాని ఆవిడ చెల్లెలు వెండి పళ్ళెం పెడుతోందని ఎవరో నా చెవిన వేశారు. ఇంక ఆగుతానా! పట్టుచీర కొన్నాను, దాని మీదకి వెండి కుంకుమభరిణె కొన్నాను. ఫోనులో యాప్ తెరిచి, ఆధార్ కార్డు చూపించి, నా ముఖం చూపిస్తే పది నిమిషాల్లో డబ్బు పడింది. ఇరవై వేలకి పదహారే పడ్డాయని, నాలుగు ముందే కోసుకున్నారని సాయంత్రానికి గాని చూసుకోలేదు. ఇంత డబ్బెక్కడిదని మా ఆయన అడిగితే చీటీ పాడానన్నాను. ఆ భరిణె ఇప్పటికీ వాళ్ళ బీరువాలో పేపరు చుట్టినట్టే ఉందిట.

అది కట్టడానికి రెండోది, రెండోది కట్టడానికి మూడోది తీసుకున్నాను. నాలుగోదానికి వచ్చేసరికి బెదిరింపులు మొదలయ్యాయి. నీ ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ నీ ఫోటో పంపుతాం, కింద దొంగ అని రాస్తాం అని మెసేజి. మా ఆయన ఆటో స్పేరు పార్టుల షాపులో పనిచేస్తారు. కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. కోపమొస్తే అన్నం మానేస్తారు. ఆయన కంచం ముందు నుంచి లేచిపోవడం తలుచుకోవడమే నాకు భయం. అందుకే మెసేజి వచ్చిన ప్రతిసారీ తెరవకుండానే ఫోను బోర్లా పెట్టేసేదాన్ని.

అలా బోర్లా పెట్టడం వల్లే లెక్కల టీచరు దొరికింది. ఆవిడ నాకన్నా పదేళ్ళు పెద్ద, రావికమతం దగ్గర పల్లె నుంచి షేర్ ఆటోలో వస్తుంది. భర్తది కౌలు వ్యవసాయం. ఒకరోజు స్టాఫ్‌రూములో ఆవిడ ఫోను వణికింది. స్క్రీను కేసి చూడకుండా రెండు వేళ్ళతో తిరగేసి, దాని మీద జామెట్రీ బాక్సు పెట్టింది. ఆ తిప్పడం నాకు బాగా తెలుసు. కళ్ళెత్తి నన్ను చూసింది, నా ఫోను చూసింది. అదీ బోర్లానే ఉంది.

"నీకూనా?" అంది.

"అవునక్కా," అన్నాను. ఆ రెండు ముక్కలు బయటికి రావడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

మూడో మనిషి ఆఫీసులో ఫీజులు కట్టించుకునే అమ్మాయి, మాడుగుల నుంచి బస్సులో వస్తుంది. తర్వాత అమ్మేసుకున్న స్కూటీకోసారి, తమ్ముడి పాలిటెక్నిక్ ఫీజుకోసారి అప్పు చేసింది. దానికి ఈ లోకం బాగా తెలుసు. "అక్కా, ఆళ్ళకీ టార్గెట్టే. నేను ఫీజుల కోసం పేరెంట్సుని బెదిరించనా ఏటి? హాల్ టికెట్టివ్వం అంటాను. ఇవ్వకుండా ఉంటామా?" అనేది. మేమిద్దరం నవ్వేవాళ్ళం గాని, నా నవ్వు పళ్ళ దాకానే వచ్చేది.

మెట్ల కింద ఆటల సామాను పెట్టే చిన్న గది ఉంది. మధ్యాహ్నం బాక్సులు పట్టుకుని ముగ్గురం అక్కడ చేరేవాళ్ళం. ఒకరోజు లెక్కల టీచరు ఫోను వణకడం మొదలెట్టి ఎంతకీ ఆగలేదు. "నువ్వెత్తవే, నాకు సేతులాడతం లేదు," అని నా ఒళ్ళో పడేసింది. ఎత్తాను. అవతలివాడు అరుస్తున్నాడు. నా నోట్లోంచి ఏ గొంతు వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. "నేను ఆవిడ చెల్లెల్ని. జీతం పదో తారీఖున. పదకొండున కడుతుంది. రాత్రి ఏడు దాటాక ఫోను చేస్తే ఊరుకునేది లేదు. మర్యాదగా మాట్లాడండి," అన్నాను. వాడు నిజంగానే మర్యాదగా మాట్లాడాడు. ఫోను పెట్టేశాక ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. నా ఫోనైతే ముట్టుకోలేని దాన్ని, ఆవిడ ఫోనులో పోలీసులా మాట్లాడాను.

అప్పటినుంచి అదే పద్ధతయింది. లెక్కల టీచరు ఫోను నాకు, నాది ఫీజుల అమ్మాయికి, దానిది లెక్కల టీచరుకి. అన్నం తినేముందు ఎవరి చేతిలో ఉన్న ఫోనులోవి వాళ్ళు పైకి చదవాలి. మన గురించి రాసిన బూతులు పక్కవాళ్ళ నోట వింటే వాటి విషం సగం దిగిపోయేది. ఎంత కట్టాలో కూడా అలాగే, మొదటిసారి, పూర్తిగా విన్నాను. రెండే కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఏదీ దాచకూడదు, కొత్త అప్పు చెయ్యకూడదు. ఎవరిదైనా ఒక అప్పు తీరిపోతే ఫీజుల అమ్మాయి పావుకిలో మాడుగుల హల్వా తెస్తుంది.

మొదటి హల్వా దానిదే. నెల తిరక్కుండా లెక్కల టీచరుదీ ఒకటి తీరింది. ఇద్దరూ నా కేసి చూసి, "నీదీ అవుతాది, కంగారు పడకు," అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నాకు మాత్రం క్లాసులో నేనొక్కదాన్నే ఫెయిలైనట్టుండేది. రెండు నెలలు గడిచాయి, నావి ఆరు ఆరే. రోజూ వాళ్ళు ధైర్యం చెబుతుంటే తల ఇంకా కిందకి దిగిపోయేది. వాళ్ళ పొగడ్త కోసం నేనెంత ఆకలిగా ఉన్నానో చెప్పడానికి ఇప్పుడూ సిగ్గే.

అందుకని ఒక శనివారం కొత్త యాప్‌లో ఎనిమిది వేలు తీసుకున్నాను. దాంతో పాతదొకటి కట్టేసి, తీరిపోయిందన్న మెసేజి సోమవారం వాళ్ళకి చూపించాను. లెక్కల టీచరు నా వీపు మీద చరిచింది. మర్నాడు హల్వా వచ్చింది. నెయ్యి ఓడుతున్న ఆ ముక్క నోట్లో పెట్టుకుని, మింగడం ఎలాగో తెలియక కూర్చున్నాను.

చెప్పనిది ఇంకొకటుంది. ఆ యాపు, తెలిసినవాళ్ళ నంబరొకటి ఇవ్వమంది. మా ఆయనది ఇవ్వలేను. నాకు చూడకుండా వచ్చే రెండో నంబరు లెక్కల టీచరుది. అదే కొట్టేశాను.

ఆ తర్వాత భయం రెండింతలైంది. అంతకుముందు ఆ మెట్ల కింద గదిలోనైనా ఊపిరాడేది. ఇప్పుడక్కడికి వెళ్ళకుండా తప్పించుకోవాలనిపించేది, ఎందుకంటే నా ఫోను చదివేది ఫీజుల అమ్మాయి, దాని కంటికి కామా కూడా తప్పిపోదు. రోజూ పొద్దున్నే బాత్‌రూములో కుళాయి తిప్పుకుని కొత్త యాపు వాళ్ళ మెసేజిలన్నీ చెరిపేసేదాన్ని. వాళ్ళ నంబర్లు వచ్చినవి వచ్చినట్టు బ్లాక్ చేసేదాన్ని. నన్ను పట్టుకోలేకపోతే వాళ్ళు ఇంకెవరికి చేస్తారన్న పాటి ఇంగితం కూడా లేకపోయింది నాకు.

నెలన్నర అలాగే నెట్టుకొచ్చాను. ఒక గురువారం మధ్యాహ్నం లెక్కల టీచరు ఫోను నా చేతిలో ఉండగా వణికింది. అలవాటు ప్రకారం గొంతు సవరించుకుని ఎత్తాను.

అవతలివాడు అరవలేదు. చాలా నిదానంగా ఒక పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా నా పేరే. "ఆవిడకి రిఫరెన్సు మీరే కదా మేడమ్?"

గోడకి ఆనుకున్నాను. ఎదురుగా ఇద్దరూ బాక్సులు విప్పుతున్నారు. ఫోను పెట్టేస్తే మళ్ళీ చేస్తాడు, ఈసారి ఆవిడే ఎత్తుతుంది. "అవును," అన్నాను.

"ఆవిడ ఎలాంటి మనిషండీ?"

నా గురించి నన్నే అడుగుతున్నాడు. ఏం చెప్పను? "మంచావిడే," అన్నాను. అది నాకే అబద్ధంలా వినిపించింది.

"కడుతుందంటారా?"

"కడుతుంది."

"మొన్న కూడా ఇదే అన్నారు మేడమ్. కడతాది, నాదీ పూచీ అన్నారు. అంతకుముందు వారం కూడా అదే మాట. ఈ రోజు మీ గొంతు వేరేగా ఉందేంటి?"

వాడు తర్వాత ఏమన్నాడో నాకు వినపడలేదు. ఫోను రోజులో అరగంటే కదా నా చేతిలో ఉండేది. మిగతా వేళంతా ఎవరి దగ్గరుంటుంది? ఆవిడ దగ్గరే. తల తిప్పి చూశాను. లెక్కల టీచరు పెరుగన్నం కలుపుకుంటోంది. నా కేసి చూడటం లేదు. చూడకుండా ఉండడానికి కష్టపడుతోందని తెలుస్తోంది.

"అక్కా," అన్నాను.

"మూడు వారాలై సేస్తన్నాడు," అంది, బాక్సులోకి చూస్తూనే. "ఓసారి మా అత్త ఎత్తింది. నేనే అప్పు సేసేననుకుని ఇల్లు పీకి పందిరేసింది. నా నంబరిచ్చే ముందు ఓ మాట సెప్పొద్దేటే? నీ అంతట నువ్వే సెప్తావని రోజూ ఈడ కూకుని సూస్తన్నాను."

ఫీజుల అమ్మాయికి అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక దాని ముఖం ఎర్రబడిపోయింది. "అయితే ఆ హల్వా?" అంది. నేను తలదించుకున్నాను. "నా బస్సు డబ్బులెట్టి కొన్నానక్కా అది. రెండ్రోజులు రెండు స్టేజీలు ముందే దిగిపోయి నడిసేను," అంది. నవ్వాల్సిన మాటే గాని దాని కళ్ళలో నీళ్ళున్నాయి.

లెక్కల టీచరు చెయ్యి కడుక్కుని, ఆ అమ్మాయి దగ్గర నుంచి నా ఫోను తీసుకుని నా చేతిలో పెట్టింది. "అన్‌బ్లాక్ సెయ్యి. నీ ఫోనుతో నువ్వే మాట్లాడు. ఈ ఒక్కటీ మేం ఎత్తం," అంది.

చేశాను. వాళ్ళ నంబరు నొక్కబోతే వేళ్ళు రెండుసార్లు తప్పు చోట పడ్డాయి. ఎవరు మాట్లాడేదని అడిగితే, చెల్లెల్ని అనబోయి మింగేసి, "నేనేనండి, అప్పు తీసుకున్నదాన్ని," అన్నాను. కింద వాలీబాల్ నెట్టు మీద కూర్చున్నాను. ఎనిమిది వేలు పన్నెండున్నర వేలు అయిందట. మూడు జీతాల్లో కడతానన్నాను. వాడు ఒప్పుకుని పెట్టేసేసరికి బెల్లు కొట్టారు. ఇద్దరూ బాక్సులు సర్దుకుని, నా కోసం ఆగకుండా ఒకరు క్లాసుకి, ఒకరు ఆఫీసుకి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి మా ఆయనకి అంతా చెప్పేశాను. ఇంక దాచే ఓపిక లేక చెప్పానంతే, ధైర్యం వచ్చి కాదు. ఆయన అనుకున్నట్టే కంచం ముందు నుంచి లేచిపోయారు. పొద్దున్న కూడా తినలేదు. షాపుకెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "మొత్తం ఎంత?" అని మాత్రం అడిగారు. లక్షా ముప్ఫై రెండు వేలని చెప్పాను. అయినా, ఆశ్చర్యంగా, ఆ పొద్దు నన్ను ఎక్కువ భయపెట్టింది ఆయన పస్తు కాదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి కొట్టే అన్నాల బెల్లు.

ఆ గదికి వెళ్ళే ముఖం లేదు నాకు. యాపుల వాళ్ళు ఫోటోలు పంపినా తట్టుకుంటానేమో గాని, ఆ ఇద్దరూ నన్ను చూసి బాక్సులు మూసేసుకుంటే తట్టుకోలేను. నా సంగతంతా తెలిసి కూడా నాతో అన్నం తిన్నవాళ్ళు ఈ ఊళ్ళో వాళ్ళిద్దరే. స్టాఫ్‌రూములో ఒక్కదాన్నే కూర్చున్నాను. బాక్సు మూత తియ్యలేదు. పిల్లల గోల మధ్య ఎవరివైనా అడుగులు వినిపిస్తాయేమోనని చెవులు రిక్కించుకుని, వినిపించవేమోనని కూడా భయపడుతూ కూర్చున్నాను.

పావుగంటయ్యాక లెక్కల టీచరు వచ్చింది. ముఖం నిన్నటిలాగే ఉంది, కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. తన ఫోను తెచ్చి నా బాక్సు పక్కన పెట్టింది. అది వణుకుతోంది.

నేను ముట్టుకోలేదు. "నా మీద కోపంగా ఉన్నావు కదక్కా," అన్నాను.

"ఉంది. ఉంటాది," అంది. "మూడు వారాలు ఎందుకడగలేదో తెల్సా నీకు? అడిగితే సిగ్గుపడి రావడం మానేస్తావు. నువ్వు మానేస్తే నా ఫోను ఎవులెత్తుతారే?"