కొబ్బరి రాశి పక్కన పెద్ద కారు

కంపెనీ తన కార్లన్నిటిలోకీ ఖరీదైనదాన్ని సరిగ్గా కొబ్బరి ధర పడిపోయిన ఏడాదే విడుదల చేసింది. ఎక్కడో కూర్చుని ముహూర్తం పెట్టినవాళ్లకి మా కోనసీమ సంగతి ఏం పట్టింది? రాజమండ్రి షోరూమ్‌లో అమ్మకాల పని నాది. ఆ నెల ఒక్క పెద్ద కారైనా అమ్మకపోతే నేనిక రానక్కర్లేదని హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనేజర్ నవ్వుతూనే చెప్పాడు. ఒళ్లు మండింది. కానీ ఏం చేయగలను?

నా ఆశంతా అంబాజీపేట దగ్గరున్న ఒక కొబ్బరి రైతు మీదే. మంచి రోజుల్లో మా దగ్గరే చిన్న కారు కొని, పెద్దది వస్తే ముందు తన ఇంటికే తీసుకురమ్మన్న మనిషి. మేనేజర్‌ని ఎక్కించుకుని కొత్త కారులో వెళ్లాను.

వాకిలి నిండా కొబ్బరికాయలు రాశిపోసి ఉన్నాయి. అడుగున కొన్ని మొలకలు కూడా వేశాయి. కారు పెట్టడానికి చోటు లేక, పనివాళ్లు రాశిని ఓ పక్కకి నెట్టారు. ఆయన కారు చుట్టూ తిరిగి, సీటు మీద చెయ్యి వేసి చూశారు. ఎక్కలేదు. ముందు భోజనం చేద్దాం రమ్మన్నారు.

నా ప్రాణం ఉసూరుమంది. నేను పుట్టింది రాజోలులో. మా వైపు ఎవరూ మొహం మీద కాదనరు. అరిటాకు వేసి, కడుపు నింపి కాదంటారు. కొనేవాళ్లయితే కాఫీతో సరిపెట్టి బేరంలోకి దిగుతారు. ఆయన భార్య ముద్దపప్పు, పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి, బూరెలు కొసరి కొసరి వడ్డిస్తుంటే నా ఉద్యోగం నా కళ్లముందే పోతోంది. మేనేజర్ మాత్రం హాయిగా తింటూ, కారు నచ్చిందా అని అడిగాడు.

"బెమ్మాండంగా ఉందండి. చూద్దామండి," అన్నారు ఆయన.

మేనేజర్ నాకేసి తిరిగి బొటనవేలు ఎత్తి చూపించాడు. 'చూద్దాం' అంటే మా వైపు కాదనడమేనని అతనికి ఎలా చెప్పను? అన్నం ముందు కూర్చుని ఏడవలేను కదా.

బయల్దేరేటప్పుడు డిక్కీ తెరిపించి కొబ్బరికాయలు వేయించారు. ఇంటికొచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపకూడదట. బేరం కుదిరినట్టేనని హైదరాబాద్‌కి ఫోన్‌లో చెప్పుకుంటూ మేనేజర్ కారెక్కాడు. అప్పుడు ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"ఏమీ అనుకోకండమ్మా. మీకు అమ్మడం తెలుసు కదా. రాజమండ్రిలో కాయ కొనేవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఇక్కడ వర్తకులెవరూ కాయ తీసుకోవట్లేదండి."

అంతటి మనిషి నా ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు. కాయ కొనేవాళ్లెవరూ నాకు తెలియదు. ఆ మాట చెప్పడానికే నోరు తెరిచాను.

"చూద్దామండి," అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు.

"ఆయ్," అని, డిక్కీ మూత మెల్లగా వేశారు.