పాచి మీద చౌడు

నా చిన్నప్పుడు మా ఊళ్లో పచ్చగడ్డి చూడాలంటే మిద్దెల కేసి చూడాలి. ధర్మవరానికి కొన్ని మైళ్ల దూరంలో ఉన్న ఊరు మాది. వాన పడితే పది రోజులు, లేకపోతే అదీ లేదు. నేల మీద మొలిచిన ప్రతి పోచనూ గొర్రెలు వేరుదాకా కొరికేసేవి. మిద్దె మీదికి గొర్రె ఎక్కలేదు కాబట్టి గరిక అక్కడ బతికిపోయేది.

మట్టి మిద్దె ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. దూలాల మీద కొయ్యలు పరిచి, వాటిపైన కంప వేసి, మట్టి మెత్తి, అన్నిటికన్నా పైన చౌడు పోసేవాళ్లు. చౌడంటే పంటకు పనికిరాని ఉప్పు మన్ను. తడిస్తే మెత్తగా మూసుకుపోయి నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు మిద్దె ఎక్కి, పోయిన ఏడు మొలిచిన గరికను వేర్లతో సహా పీకి, పట్టిన పాచిని పారతో గీకి, ఆ తర్వాత కొత్త చౌడు చల్లాలి. మొదట పీకాలి, తర్వాతే చల్లాలి. ఊళ్లో అందరికీ తెలిసిన పనే.

ఇదంతా ఇప్పుడు గుర్తు చేసుకోవడానికి కారణం మా ఇంటి లాన్. రాప్తాడు దగ్గర మేము కట్టుకున్న ఇంటి ముందు మా అమ్మాయి ముచ్చటపడి గడ్డి వేయించింది. రోజూ నీళ్లు పెట్టడం నా పని. ప్రహరీ నీడ పడే వైపు రెండేళ్లకే పాచి పట్టింది. మిగిలిన చోట పైకి పచ్చగానే ఉన్నా, కింద ఎండిన గడ్డి పరుపులా మందంగా పేరుకుని నీటిని వేరుదాకా దిగనివ్వడం లేదు. నర్సరీ అతను వచ్చి చూసి, "పైన రోంత ఇసక చల్లితే సరిపాయె సార్, ఏమీ కనపడదు" అన్నాడు. పోయిన సంవత్సరం నేను అదే చేశాను. నాలుగు నెలలు ఏమీ కనపడలేదు. ఈ సంవత్సరం ఆ ఇసుక మీదికే పాచి వచ్చింది. దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. నాకు పదేళ్ల వయసులో తెలిసిన విషయం, అరవై దాటాక కూడా నేను నేర్చుకోలేదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. నా కంటే పదేళ్లు పెద్ద. వాళ్లది మగ్గం ఇల్లు. వాళ్ల నాయన పట్టుచీరలు నేసేవాడు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక మగ్గం ఆగిపోయింది. పట్టు ఇచ్చే సావుకారు మగ్గానికి ఎక్కించిన తన పడుగును, అంటే నిలువు పోగులను, తీసుకుపోవడానికి వచ్చిన రోజు, అక్క తలుపుకు అడ్డంగా నిలబడి తాను నేస్తానంది. మా వైపు ఆడవాళ్లు దారం తోడతారు, కండెలు చుడతారు. మగ్గం గుంటలో కూర్చుని నేసేవాళ్లు ఆ రోజుల్లో మా ఊళ్లో లేరు. సావుకారు నవ్వి, "సరేమ్మా, ఒక్క చీర నేసి చూపీ. బాగొస్తే పడుగు ఈడనే ఉంటాది. లేకుంటే నాది నేను ఎత్తుకపోతా" అన్నాడట. ఆ ఇంటికి ఆ మగ్గం ఒక్కటే ఆధారం.

ఆ ఎండాకాలం వాళ్ల మిద్దె గరిక పీకే మనిషి లేడు. అక్క పొద్దస్తమానం మగ్గంలో ఉండేది, వాళ్ల నాయన నిచ్చెన ఎక్కలేడు. మా జేజినాయన, అంటే మా నాయన వాళ్ల నాయన, ఆ పని నాకు అప్పగించాడు. ఊళ్లో ఎవరి మిద్దె కారినా ఆయన్నే పిలిచేవాళ్లు. నన్ను వెంటబెట్టుకుని నాలుగు మిద్దెలు తిప్పి ఉన్నాడు కాబట్టి పని నాకు వచ్చు. రాదని చెప్పుకునే వీలు నాకు లేదు.

అక్క నాకు ఒకటి ఇస్తానంది. మగ్గం దగ్గర మిగిలిపోయిన పట్టుపోగులు పేని బొంగరానికి తాడు చేసిస్తానని. మిగతా పిల్లలందరివీ నూలు తాళ్లు. పట్టుతాడుతో తిప్పితే బొంగరం ఎంతసేపు నిలబడుతుందో నేను కలలో కూడా చూసుకున్నాను. నేను మిద్దె ఎక్కాల్సిన రోజు సాయంత్రమే బడి ముందు బొంగరాల పందెం ఉంది.

పొద్దున్నే ఎక్కాను. రెండు గంటలు బాగానే పీకాను. గరిక వేరు పట్టుకుంటే జానెడు పోయి తెగుతుంది, మళ్లీ మన్ను తవ్వాలి. ఎండ ఎక్కింది. అరికాళ్లు కాలుతున్నాయి. మిద్దెలో నాలుగో వంతు కూడా కాలేదు. అప్పుడు కొడవలి తీసుకుని మిగిలిన గరికను పైపైన కోసేశాను. పాచి ఎండి నల్లటి పెచ్చులుగా ఉంది. దాన్ని గీకకుండానే దాని మీద గంపలతో చౌడు పోసి, కాళ్లతో తొక్కి చదును చేశాను. కోసిన గడ్డినంతా అక్క వాకిట్లోకి విసిరాను, కుప్ప పెద్దగా కనపడాలని.

వెలుతురు కోసం మిద్దెకు వదిలిన గవాచిలోంచి అక్క గొంతు వినిపించింది. "ఏమప్పా, వేర్లతో పీకినావా, ఉత్త తలకాయలు కోసినావా?"

"వేర్లతోనే పీకినాక్కా."

"నీ మింద నమ్మకం లేదురా, నీ మనసంతా బొంగరం మింద ఉండాది" అని నవ్వింది. నవ్వుతూనే తాడు ఇచ్చింది. చిలకపచ్చ, ఎరుపు పోగులు కలిపి పేని, కొసన చిన్న ముడి వేసింది. ఆ సాయంత్రం పందెం నేనే గెలిచాను.

వానలు ఆ ఏడు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినప్పుడు రెండు రోజులు విడవకుండా పడింది. రెండో రోజు మధ్యాహ్నం అక్క నీళ్లకు పోయి తిరిగి వచ్చేసరికి మగ్గం పైన మిద్దె కారుతోంది. చీర మూడు వంతులు అయిపోయి ఉంది. చిలకపచ్చ చీర, ఎర్ర అంచు. చౌడు కలిసిన నీళ్లు పట్టు మీద పడితే రంగును తినేస్తాయి. నేను వెళ్లేసరికి చీర నడుమ అరచేయంత మేర పచ్చ రంగు పోయి బూడిద రంగు తేలింది. అక్క ఏడవడం లేదు. తడిబట్టతో అద్దుతోంది. ఎంత అద్దినా అది పోదని చూస్తున్న నాకు కూడా తెలిసింది.

వాన వెలిసిన మరుసటి పొద్దున జేజినాయన నన్ను పిలిచి వాళ్ల మిద్దె ఎక్కించాడు. కారిన చోటికి తీసుకుపోయి కూర్చోబెట్టి, చౌడు తీయమన్నాడు. చేత్తో తీశాను. కింద పాచి తడిసి మళ్లీ పచ్చబడి ఉంది. దాని కింద నేను కోసి వదిలేసిన గరిక మొదళ్లు తెల్లగా, బలంగా పిలకలు వేశాయి. ఒక వేరు పట్టుకుని లాగమన్నాడు. లాగాను. వేరు వచ్చింది, అది ఉన్న చోట పెన్సిలంత బొక్క కనిపించింది. ఆ బొక్కలోంచి కింద మగ్గం కనిపించింది. అక్క మగ్గం ముందు ఊరికే కూర్చుని ఉంది.

ఆయన నన్ను కొట్టలేదు. తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. తన పైపంచ విప్పి నా తల మీద ఎండ పడకుండా కప్పి, నా పక్కనే గొంతుక్కూర్చుని, మిద్దె అంతా నాతో పాటు ఒక్కొక్క వేరునూ పీకాడు. మూడు రోజులు పట్టింది. చివరి రోజు చేతులు దులుపుకుంటూ, "ఇంగ పోయి ఆ యమ్మికి చెప్పిరా. నేను చెప్తే అది నేను చెప్పినట్లయితాది, నువ్వు చెప్పినట్లు కాదు" అన్నాడు.

పోయాను. అక్క పాడైన చోట అడ్డంగా నేసిన పేక పోగులు ఒక్కొక్కటే ఊడదీస్తోంది. నన్ను చూసి, "రా, ఈ కొస పట్టుకో" అంది. పట్టుకున్నాను. పొద్దు గూకేదాకా పట్టుకునే ఉన్నాను. నోట్లో మాట ఉంది, బయటికి రాలేదు. ఊడదీసినా రంగు పోయిన పడుగు అలాగే ఉంది. ఇంటికి వచ్చాక జేజినాయన, "చెప్పినావా?" అన్నాడు. "చెప్పినా" అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

సావుకారు వచ్చి చీర చూశాడు. అప్పటికప్పుడే పడుగు విప్పించుకుని పోయాడు. ఊళ్లో మాట ఒకటి పుట్టింది. వాళ్ల నాయన నేసిన అన్నేళ్లలో ఆ మిద్దె ఒక్కసారి కారలేదు, ఆడపిల్ల మగ్గం ఎక్కగానే కారింది, ఆమె చేతివాసి మంచిది కాదు అని. ఆ మాట మా ఇంటి అరుగు మీదే నా ఎదుట అన్నారు. నేను విన్నాను. ఆ ఏడాదే వాళ్లు ధర్మవరం వెళ్లిపోయారు. అక్క అక్కడ వేరేవాళ్ల ఇళ్లలో కండెలు చుట్టేదని తెలిసింది. పట్టుతాడును నేను మళ్లీ బొంగరానికి చుట్టలేదు. పారేయనూ లేదు.

తర్వాత నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, పెళ్లి చేసుకున్నాను. ఎక్కడ ఏ లోపం జరిగినా దాని మీద ఒక గంపెడు చౌడు చల్లి చదును చేయడం నాకు అలవాటైపోయింది. ఆఫీసులో చేశాను. నా భార్యతో చేశాను, ఆమెకు అది తెలుసు. ఇలా రాస్తున్నప్పుడు సిగ్గు వేయాలి. వేయడం లేదు. ఎక్కువకాలం మూసిపెట్టిన చోట అసలు ఏదీ తగలదు.

లాన్‌లో ఇసుక మీద పాచి చూసిన వారం, పట్టుతాడు జేబులో వేసుకుని ధర్మవరం బస్సెక్కాను. నాలుగు వీధులు అడుగుతూ పోతే ఇల్లు దొరికింది, అక్క తన కూతురి దగ్గర ఉంది. చూపు సరిగా లేదు. వాకిట్లో చాప మీద కూర్చుని శెనక్కాయలు వలుస్తోంది.

"ఎవరప్పా అది?"

"పక్కింటోన్ని అక్కా. బొంగరాల పిల్లోన్ని."

"ఓ, నువ్వా! గొంతు చూస్తే ముసిలోనిది ఉండాదే!" అని పెద్దగా నవ్వింది. కూర్చోమని, నా ముందుకూ నాలుగు కాయలు తోసింది. వలుస్తూనే చెప్పాను. కొడవలితో కోసిన సంగతి, పాచి మీద చౌడు పోసిన సంగతి, కొస పట్టుకుని కూర్చుని చెప్పని సంగతి. మొత్తం చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. యాభై ఏళ్లు మోసింది అంతే.

ఆమె చేతులు ఆగాయి.

"అయితే నా చేతివాసి కాదప్పా అది."

"కాదక్కా."

చేతిలో ఉన్న కాయ వలిచి గింజలు పక్కన పెట్టింది. తర్వాత, తిట్టినట్టు కాకుండా, లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది. "ఆ పొద్దే చెప్పింటే సావుకారి కాళ్లు పట్టుకోనైనా ఇంగో చీర అడిగిందును. నా చెయ్యే మంచిది కాదనుకోని అడగల్యా. మళ్లా యానాడూ మగ్గం ముట్టల్యా."

అప్పటిదాకా నేను మిద్దెకు, ఆ చీరకు మాత్రమే తప్పు చేశాననుకున్నాను. మిద్దె ఒక్క చీరనే పాడు చేసింది. ఆమె ఆ తర్వాత నేయాల్సిన చీరలన్నీ నేను చెప్పకపోవడం వల్ల పోయాయి.

తాడు తీసి ఆమె చేతిలో పెట్టాను. వేళ్లతో కొసదాకా తడిమి, ముడి దగ్గర ఆగింది. "నేనేసిందే ఇది. గట్టిగానే పేనినాను" అంది. ఇంకొంచెం తడిమి, తిరిగి ఇచ్చేసింది. "ఎత్తుకపో. ఇప్పుడు నాకు దీంతో ఏం పని?" నేను లేచేటప్పుడు వలిచిన కాయలు ఒక దోసెడు కవర్లో పోయించింది. బస్సులో కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున లాన్‌లో ఆ తాడును నేల మీద బారుగా పరుస్తాను. అది ఎంత పొడవుందో ఆ రోజుకు అంత పని. గొంతుక్కూర్చుని, పాచిని గోటితో అంచు లేపి తీస్తాను. ఎండిన గడ్డిని పళ్లపారతో కింది మన్ను కనపడేదాకా దువ్వుతాను. పీకిన చోట నేల ఎర్రగా, బోడిగా, చూడ్డానికి ఏమీ బాగుండదు. దాని మీద ఏమీ చల్లను. గడ్డి దానంతట అదే రావాలి.

వరండాలోంచి నా భార్య అడుగుతుంది, అయిపోయిందా అని. గేటు దగ్గరి నుంచి చూస్తే అయిపోయినట్టే కనపడుతుంది. నేను తాడు చుట్టి జేబులో పెట్టుకుంటూ, కాలేదు, ఇంకా చాలా ఉంది అంటాను.