ఏసీ కింద పరాయివాడు

2020 మొదట్లో షార్జా అల్ నహ్దాలో ఒక గదిలో చేరాను. నేను చేరిన నెలకే కరోనాతో విమానాలు ఆగిపోయాయి. నా కష్టాలకు మూలం అదే.

ఆ గదిలో కిందా మీదా కలిపి ఆరు మంచాలు. మిగతా ఐదుగురూ జగిత్యాల వైపువాళ్లు, నేనొక్కణ్ణే కోనసీమ. గదికి ఒక ఆచారం ఉండేది. అందరికంటే ఆఖరున వచ్చినవాడు బయటోడు. బయటోడికి తలుపు పక్కన పై మంచం ఇస్తారు. సరిగ్గా దాని నెత్తిమీదే ఏసీ, అది చల్లగాలితో పాటు నీళ్లు కూడా కురిపిస్తుంది. అన్నం గిన్నె తోమేదీ బయటోడే. ఇంకొకడు వచ్చిన రోజున ఇవన్నీ వాడికి అప్పజెప్పి కింది మంచానికి దిగొచ్చు. అందరూ అలా దిగినవాళ్లే కనుక ఒక్కడికీ నా మీద జాలి లేదు. విమానాలే లేనప్పుడు ఉన్నవాడు ఒకడు కదిలేదెప్పుడు, ఇంకొకడు ఆకాశం నుంచి ఊడిపడేదెప్పుడు?

గదికి పెద్దదిక్కుగా ఒకాయన ఉండేవాడు, అన్నా అని పిలిచేవాళ్లం. ఆయన వృత్తి ఏసీ మెకానిక్. దుబాయ్‌లో తన చెయ్యి పడని ఏసీ లేదని చెప్పుకునేవాడు. మా గది ఏసీ మాటెత్తితే మాత్రం పైపు గోడలో ఉందనీ, గోడ కొట్టాలనీ, అందుకు ముదీర్, అంటే బిల్డింగు మేనేజరు, ఒప్పుకోడనీ ఏదో ఒకటి చెప్పి అటు తిరిగి పడుకునేవాడు. నేను దిండు పక్కన ఖాళీ బిర్యానీ డబ్బా ఒకటి పెట్టుకున్నాను. అది నిండేలోపు ఎంత నిద్రపడితే అంత.

నా ఉద్యోగం దుబాయ్‌లో ఇంగ్లీషు నేర్పే చిన్న సంస్థలో, టీ పెట్టడం. పాఠాలన్నీ కంప్యూటర్లోకి వెళ్లిపోయాక ఆఫీసుకు వచ్చేది ఇద్దరమే, నేనూ ఒక ఐర్లండు మాస్టారూ. ఆయనకు అరవై దాటాయి. టీ నల్లగా మరిగి, పాలు పడి, ఇటుక రంగులోకి వస్తే గానీ తాగడు. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ బాగా కుదిరింది.

ఒకరోజు నా చొక్కా భుజం తడిసి ఉండడం చూసి ఏమిటని అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషుకు హిందీ కలిపి బయటోడి సంగతంతా చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా బాధ విని అంత సంతోషించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. పరాయివాళ్లను తమ ప్రాంతపు పాత భాషల్లో ఏమని పిలిచేవాళ్లో, ఆ మాటలు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోయాయో, అదే ఆయన జీవితమంతా చదువుకున్న చదువట. వినేవాడు దొరకలేదు పాపం. నేను దొరికాను.

ఐరిష్‌లో గాల్ అని ఒక మాట ఉందట. మొదట్లో దానికి అర్థం గాల్ దేశంవాడు, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు మనిషి. తర్వాత ఉత్తరం నుంచి పడవల్లో దోపిడీకి వచ్చినవాళ్లను కూడా గాల్ అన్నారు. వాళ్లలో మళ్లీ తెల్ల గాల్, నల్ల గాల్ అని రెండు రకాలు. ఎందుకలా అన్నారో పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారట. ఆ పైన ఇంగ్లండు మీదుగా ఇంకో దండు వచ్చింది, మాట వాళ్లకు అంటుకుంది. వాళ్లు అక్కడి భాష నేర్చి, అక్కడి ఆడపిల్లల్ని పెళ్లాడి, వందల ఏళ్లు ఉన్నాక ఇంగ్లండు నుంచి మరో జట్టు దిగింది. అప్పుడు వీళ్లు కొత్త గాల్, ముందువాళ్లు పాత గాల్.

నేను టీ గ్లాసు పక్కన పెట్టి అడిగాను. వందల ఏళ్లున్నా పాత పరాయివాడే అయ్యాడు గానీ మనోడు కాలేదా సార్ అని. ఆయన గడ్డం గోక్కుని, తన సొంత జిల్లా పేరుకే పరాయివాళ్ల కోట అని అర్థమని చెప్పాడు. వేల్స్ వాళ్ల సంగతి ఇంకా ఘోరమట. ఇంగ్లీషువాళ్లు వచ్చి, అక్కడే పుట్టిన వాళ్లను పట్టుకుని పరాయివాళ్లన్నారు, దేశానికి అదే పేరు నిలిచిపోయింది. వేల్స్ వాళ్లు తమలో తాము మాత్రం ఒకే నేల వాళ్లమని అర్థమొచ్చే మాటతో పిలుచుకుంటారు. మొత్తం మీద మనోళ్లు, బయటోళ్లు అనే రెండు మాటల మీదే ఆ దీవులన్నీ నడుస్తున్నాయని నాకు అర్థమైంది. మా గది కూడా అంతే.

ఇదంతా గదిలో చెప్పాను. అందరూ శ్రద్ధగా విని, గిన్నె తోమమన్నారు. సరే, భాషతో పనవుతుందేమోనని మాట చివర ఆయ్, అండీ మానేసి గట్లనే, మంచిగుంది అనడం మొదలుపెట్టాను. వాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒక శుక్రవారం ఫోన్లో చూసి వాళ్ల వైపు సర్వపిండి చేశాను. ముక్క మిగల్చకుండా తిని, బయటోడైనా మంచిగ జేసిండు అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

2021 ఆగస్టులో, విమానాలు మళ్లీ తిరగడం మొదలయ్యాక, ఒకాయన పని మారి కల్బా అనే ఊరికి వెళ్లిపోయాడు. కింది మంచం ఖాళీ అయింది. కానీ ఆచారం ఆచారమే. కొత్తవాడు వచ్చేదాకా నేను పైనే. మూడు వారాలు ఆ ఖాళీ మంచాన్ని పైనుంచి చూస్తూ తడిశాను. చివరికి, శుక్రవారం ఒక మనిషి దిగుతున్నాడని వాచ్‌మన్ చెప్పాడు. గురువారం సాయంత్రానికల్లా నా పరుపు కింద ఉంది. బిర్యానీ డబ్బా కడిగి, కొత్తవాడి కోసం పై మంచం మీద పెట్టాను.

శుక్రవారం మధ్యాహ్నం, మేం అన్నాలకు కూర్చోగానే ఆయన వచ్చాడు. యాభై అయిదేళ్లుంటాయి, చేతిలో ఒక్క సంచి. ఎవరినీ ఏమీ అడగలేదు. తిన్నగా నా కొత్త మంచం దగ్గరికెళ్లి, గోడకున్న మేకును వేలితో తడిమి, చొక్కా విప్పి దానికి తగిలించాడు. మా అన్న కంచం వదిలి లేచి నిలబడి, ఆయన్ని అన్నా అన్నాడు. మా అన్న నోట ఆ పిలుపు వినడం అదే మొదలు. ఆ మేకు కొట్టింది ఆ వచ్చినాయనేనట. మా అన్న ఒకప్పుడు ఈ గదిలో చేరినప్పుడు ఏసీ కింద పడుకోబెట్టిందీ ఆయనేనట. మిగతావాళ్లెవరూ చేరకముందే దుబాయ్‌లోని సత్వాకు మారిపోయి, అక్కణ్ణుంచి ఊరెళ్లి, రెండేళ్లకు మళ్లీ వచ్చాడు.

ఇప్పుడు ఈయన అందరికంటే పాతా, అందరికంటే కొత్తా? అన్నం చల్లారిపోతున్నా పంచాయితీ తెగలేదు. నేను ఐర్లండు చరిత్రంతా సాక్ష్యానికి తెచ్చాను. ఆఖరున దిగినవాడే బయటోడని గట్టిగా వాదించాను. ఆయన అంతా విని నా వైపు తిరిగాడు.

"నువ్వన్నదే నిజం తమ్మీ. ఊళ్లె నన్ను దుబాయాయన అంటున్రు. నా ఇంట్ల నాకే కుర్చేసి కూసోబెడుతున్రు, సుట్టం లెక్క. రెండేండ్లు సూసి, ఉండబుద్ది గాక మల్ల అచ్చిన. పై మంచమే ఇయ్యుండ్రి, ఎక్కుత."

మేకు మీది చొక్కా తీసుకుని, నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టాడు. మోకాలు వంగలేదు. చేత్తో ఎత్తి పెట్టుకోబోయాడు.

నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు. గెలిచినందుకు సిగ్గు. ఆయన చేతిలోంచి చొక్కా తీసుకుని మళ్లీ మేకుకే తగిలించాను. నా పరుపు చుట్టి పైకి విసిరి, వెనకాలే నేనూ ఎక్కాను.

అన్నాలయ్యాక మా అన్న సామాన్ల సంచి తీసి, నన్ను దిగమని నా మంచం ఎక్కాడు. ఏసీ మూత విప్పి, పైపు ఊడదీసి, నోరు పెట్టి గట్టిగా ఊదాడు. నల్లటి నీళ్లు కాసిని ఆయన మొహాన పడ్డాయి. మళ్లీ బిగించాడు. అంతా కలిపి పది నిమిషాలు. ఏసీ ఆన్ చేసి అందరం తలలెత్తి చూస్తూ నిలబడ్డాం. చుక్క పడలేదు.

ఏడాదిన్నర పైగా నేను తడిసింది ఈ పది నిమిషాల పనికా అన్నా, అని నిలదీశాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"గప్పుడు నువ్వు బయటోనివి గదా తమ్మీ."

కోపం వచ్చింది. కోపం కంటే సంతోషం ఎక్కువ వచ్చింది. అది వాళ్లకు కనబడకూడదని అన్నం గిన్నె తోమే మిష మీద వంటగదిలోకి వెళ్లాను. గిన్నె అప్పటికే ఎవరో తోమి బోర్లించారు.