ఉలవలు పరిచిన రోడ్డు

మొన్న ఆదివారం ఉదయం విశాఖ బీచ్ రోడ్డులో మావంటి సరదా సైకిలిస్టుల కోసం వాహనాలను ఆపేశారు. చేపల గంపలతో ఆటోలో వచ్చిన ఒకావిడను చుట్టూ తిరిగి పొమ్మంటే, ఆవిడ మారుమాట లేకుండా ఆటో వెనక్కి తిప్పించుకుంది. తోటివాళ్ళు హుషారుగా సాగిపోయారు గాని, నేను ఒక కాలు నేలకు ఆనించి అక్కడే నిలబడిపోయాను. ఎదుటి మనిషి మౌనాన్ని నా గెలుపుగా పొరబడిన రోజొకటి నాకూ ఉంది.

రెండువేల పదిహేను ప్రాంతంలో విజయనగరంలో డిగ్రీ చదివిన నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో గేర్ల సైకిలంటే ఎంత మోజో. పాలు తెచ్చే సైకిలు వేరు, ఎక్కడికీ వెళ్ళనక్కరలేని సైకిలు వేరు. మా మేనమామ కొడుకూ నేనూ హెల్మెట్లు పెట్టుకుని ఆదివారాలు రాజాం దారి పట్టేవాళ్ళం. కాలేజీ చర్చాపోటీల్లో ఆరితేరినవాణ్ణి కావడంతో, న్యాయం నా పక్షాన ఉంటే చాలు, ఎంతటివారినైనా నిలదీయవచ్చునని గట్టిగా నమ్మేవాణ్ణి.

శీతకాలంలో ఆ దారి పొడవునా రైతులు కోసిన ఉలవ తీగలను తారు మీద పరిచేవారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ వెళ్తే కాయలు పగిలి గింజలు రాలేవి. ఆ ఆదివారం నా సన్నని టైరు వాటి మీద జారి, నేను పడ్డాను. చీపురు పట్టుకుని ఓ పక్కన నిలబడ్డ ముసలావిడ పరుగున వచ్చి లేవదీసింది. ఆవిడ నా చొక్కా దుమ్ము దులుపుతూండగానే నేను వాదన మొదలుపెట్టాను. రోడ్డు ప్రజలదన్నాను.

“మేం పెజలం కామా బాబూ?” అందావిడ.

ప్రజలంటే అందరూ గాని ఒక్కరు కాదన్నాను. తీయకపోతే అధికారులకు ఫిర్యాదు చేస్తానన్నాను.

“సాయంత్రానికి వానొస్తాదంతన్నారు. రెండు బస్సులు ఎల్తే నూరుపైపోతాది, ఎత్తీసుకుంటాను. ఏటి పనిమీద ఎల్తన్నావు బాబూ, అంత తొందరా?”

పనేమీ లేదని చెప్పడానికి నామోషీ వేసి, చట్టం గురించి మరికాసేపు మాట్లాడాను.

“ఒరే బావా, గంట కొట్టీసారు, ఇంక మైకు వదిలీరా!” అని మా బావ ఎంత వారించినా నేను వినలేదు. చివరికావిడ జవాబు చెప్పడం మానేసి, తీగలన్నీ చేతులతో పోగుచేసి రోడ్డు పక్క మట్టి మీదకు లాగింది. ఆ పని పూర్తయ్యేదాకా నేను నిలబడి చూశాను. సూత్రం నిలిచిందన్న తృప్తితో సైకిలెక్కాను.

వాన ఆ సాయంత్రమే వచ్చింది. రెండు రోజులు వదలలేదు.

మరుసటి ఆదివారం అక్కడికి వచ్చేసరికి ఆ కుప్ప నల్లబడి, పైపైన మొలకలు కనిపించాయి. ఇంట్లో పదిలంగా మిగిలిన తీగలేమో, ఆవిడ ఒక చిన్న కట్ట మాత్రం తారు మీద పరుచుకుంది. దూరాన్నించే మా హెల్మెట్లను గుర్తుపట్టి, గబగబా దాన్ని రెండు చేతులా ఎత్తి గుండెకు హత్తుకుని, పక్కకు తప్పుకుంది.

“ఎల్లండి బాబూ, తీసీసాను” అంది. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. దిగి క్షమించమనవలసింది. కనీసం అక్కడే ఉంచమనైనా అనవలసింది. నేను తల దించుకుని తొక్కుకుంటూ పోయాను.

ఇప్పుడా రోడ్డును వెడల్పు చేశారు. నడుమ డివైడరు వచ్చింది, ఉలవలు పరిచేవాళ్ళు కనబడరు. సైకిలుకు ఇంత హాయైన దారి జిల్లాలోనే లేదని మావాళ్ళు మెచ్చుకుంటారు. నిజమే, అడ్డమేమీ లేదు. అయినా ఆ ముసలావిడ ఊరు దగ్గరపడగానే నేను గేరు మార్చి, అటూ ఇటూ చూడకుండా వేగంగా దాటేస్తాను.