మే నెలను మరచిన మందు

మా స్ప్రే గొప్పది. మా ఏసీ గదిలో ఉన్నంతసేపూ దాన్ని మించింది లేదు.

సీసాలో చల్లటి నీళ్లలా ఉంటుంది. పుండు మీద చల్లితే ఒంటి వెచ్చదనానికి మెత్తటి జెల్‌గా మారి, క్రిములను చంపుతూ గాయాన్ని కప్పేస్తుంది. రాయపూర్‌లో మా ల్యాబులో నలుగురం ఏళ్ల తరబడి దీని మీదే కూర్చున్నాం. ఎలుకల పుళ్లు చక్కగా మానాయి. ఎలుకలకూ ఏసీ ఉంది మరి.

నా తొందర వేరు. కాకినాడ నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైన అమ్మకు షుగరు. కాలి బొటనవేలి కింద పుండు మానేది కాదు, ఇలాగే ఉంటే వేలు తీసేయాల్సి వస్తుందన్నారు డాక్టర్లు. రోజూ కట్టు విప్పితే గుడ్డతోపాటు కొత్తగా పట్టిన చర్మమూ ఊడి వచ్చేది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుని, తెలీబంధా బజారులో టమాటాల ధర గురించి మాట్లాడేది. మనుషుల మీద పరీక్షకు అనుమతి వస్తే ఆ వేలు నిలుస్తుందని నా ఆశ.

ఆ అనుమతి కోసమే మే నెలలో ఒక ఆసుపత్రిలో, కాలిన గాయాల వార్డులో, వెచ్చబెట్టిన రబ్బరు చేతి మీద మందు పనితీరు చూపించబోయాం. నయా రాయపూర్ సచివాలయం నుంచి పెద్దలు వచ్చారు. ఐసు పెట్టెలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టి, మా సారు తీరిగ్గా ఉపన్యాసం ఇచ్చారు. తర్వాత సిస్టరు మీట నొక్కింది. ఏమీ రాలేదు.

"మేడం, యే తో అందర్ హీ జమ్ గయా" అంటూ ఆమె సీసాను తలకిందులు చేసి చూపించింది.

ఒంటి వేడికి గడ్డకట్టాల్సిన మందు, ఒంటికన్నా వేడిగా ఉన్న వార్డులో సీసాలోనే గడ్డకట్టింది. రాయపూర్‌లోనే పుట్టి పెరిగిన నలుగురు మేధావులకు మే నెల గుర్తు రాలేదు. పెద్దలు మాత్రం ప్రయత్నాన్ని మెచ్చుకుని, లస్సీ తాగి వెళ్లారు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ నవ్వలేదు.

"మా వార్డులో ఎండాకాలం కుళాయి నీళ్లే చాయ్‌లా కాలేవి. ఇన్నేళ్లలో ఒక్క నర్సునైనా పూఛారా, అడిగారా అమ్మాయ్?"

"లేదమ్మా."

"ఇంట్లో ఒకదాన్ని పెట్టుకునా?"

నాకు చచ్చేంత సిగ్గేసింది.

మళ్లీ మొదటినుంచి చేశాం. ఇప్పుడు రెండు ద్రవాలు వేరుగా ఉండి, గాయం మీద కలిసినప్పుడే గడ్డకడతాయి. ఎంత ఎండలోనైనా పనిచేస్తుంది. అందరూ అభినందిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మార్పుకు మాకు రెండేళ్లు పట్టింది. అమ్మ వేలు ఆరు నెలలే ఆగింది.