ప్రిస్కిల్లక్క క్రిస్మస్ ఫోటోలు

రాజాంలో మా బావ శాంతికుమార్‌ది ఫోటో స్టూడియో. పెళ్లిచూపులకు ఫోటో కావాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఆయన దగ్గరికే వస్తారు. మొటిమలు, అమ్మవారి మచ్చలు, కళ్ల కింద నలుపు, అన్నీ కంప్యూటర్‌లో తుడిచేసి పంపిస్తాడు. ఆ పనిలో ఆయనకు తిరుగులేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అదే నాకు ఒళ్లుమంట.

మా అక్క ప్రిస్కిల్లాకు పుట్టినప్పటి నుంచీ ఎడమ కంటి తెల్లగుడ్డు మీద నువ్వుగింజంత నల్లమచ్చ. పెళ్లయిన ఏడాది మొదలు ప్రతి క్రిస్మస్‌కూ బావ ఆమెను చర్చి మెట్ల మీద నిలబెట్టి ఫోటో తీస్తాడు. మచ్చ తుడిచేస్తాడు. ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తాడు. హార్డ్‌డిస్కులో చోటు చాలదని అసలు ఫోటోను చెరిపేస్తాడు. అలా పన్నెండు ఫ్రేములయ్యాయి.

ఈ వేసవిలో ఆ మచ్చ నుంచి నెత్తురు వచ్చింది. చెవి ముందు చిన్న గడ్డ కూడా తేలింది. విశాఖ తీసుకెళ్లాం. ముక్క తీసి పరీక్ష చేయించిన డాక్టరమ్మ, మచ్చలోంచే పుట్టిన కాన్సర్ అంది. చాలా అరుదుగా వస్తుందట. ఎప్పటి నుంచి పెరుగుతోందని అడిగింది.

"సిన్నప్పట్నుంచీ అలగే ఉన్నాదండి," అంది అక్క.

పాత ఫోటోలు చూపించమంది. పన్నెండూ నా ఫోన్‌లో ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసి, "వీటిలో మచ్చే లేదు కదమ్మా," అంది.

బావ తల ఎత్తకుండా చెప్పాడు. "నానే తుడిసేసినానండి. మొదట్లో ఒక్క నొక్కుకి పోయేది. మూడేళ్ల నుంచి పెద్ద బ్రష్షు పెట్టాల్సి వస్తన్నాది. మొన్న క్రిస్మస్‌కి దానికీ పోలేదు. కుడి కంట్లో తెలుపు తెచ్చి అతికినాను."

నాకు ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది. కానీ తమ్ముణ్ణయ్యుండి నేను మాత్రం అక్క కంట్లోకి ఎప్పుడు చూశాను? ఆ ఫ్రేములనే మెచ్చుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"మూడేళ్ల క్రితమైతే మచ్చ వరకు తీసి కన్ను నిలబెట్టేవాళ్లం," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు కన్నే తీసెయ్యాలి. గడ్డకు ఎంత పాకిందో చూశాక గానీ ప్రాణం సంగతి చెప్పలేను."

అక్క బావ వైపు తిరిగింది. "పెరుగుతన్నాదని నాకెందుకు సెప్పలేదు?"

"అద్దంలో సూసుకుంటన్నావు గదా అనుకున్నాను."

"నీకు ఆ మచ్చ గిట్టదు గదా బావా," అంది అక్క. "అద్దంలో ఆ కన్ను సూడ్డం మానేసి పదేళ్లయింది."