కరుణమ్మ టీచరు వెనక్కి తీసుకున్న మాట

మైదాపిండి ఉడికించిన జిగురు వాసన ఎక్కడ తగిలినా నాకు మా ఊరు కోడూరులోని చర్చి వరండా గుర్తుకొస్తుంది. మొన్న ఉదయం అవనిగడ్డ బస్టాండు దగ్గర మా హేతువాద సభ పోస్టర్లు అంటిస్తుంటే అదే వాసన. పోస్టరు మీది వాక్యం నేను రాసిందే: ‘చీకటిలో మగ్గుతున్న పల్లెలకు విజ్ఞానపు వెలుగు.’ మిత్రులు సుబ్బారావు గారు మొదటి కాగితానికి జిగురు పూసి గోడకు ఆనించగానే ఆ వాక్యం చదివి ఉలిక్కిపడ్డాను. ఆ మాట నాది కాదు. నా పదో ఏట విన్నది. ఒక మనిషి దాన్ని అందరి ముందూ వెనక్కి తీసుకోవడం కూడా చూశాను.

కరుణమ్మ టీచరు వారమంతా ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెప్పి, ఆదివారం మధ్యాహ్నం చర్చి వరండాలో చాపలు పరిచేవారు. నెలకో దేశం. ఎక్కడో విదేశంలో అచ్చయి, బందరు మీదుగా వచ్చే బొమ్మల పుస్తకంలోంచి ఒక పేజీ కత్తిరించి, మైదా జిగురుతో అట్టకు అంటించి, ఆ దేశపు పిల్లల గురించి చెప్పి, వాళ్ళ కోసం ప్రార్థన చేయించేవారు. ఆమెకు పిల్లలు లేరు. ఆ తరగతే తన సంసారం అనేవారు. దేవుణ్ణి నమ్మని మా నాన్న నన్ను అక్కడికి పంపడం ఊళ్ళో అందరికీ వింత. ‘‘ప్రపంచం బొమ్మలు మన ఇంట్లో లేవు, అక్కడున్నాయి. వెళ్ళి చూడు. నచ్చనిది అడుగు, ఊరికే తలాడించకు’’ అన్నారాయన. మొదటిరోజే టీచరుకు ఈ సంగతి చెప్పేశాను. ఆమె నవ్వి, ‘‘నువ్వు మోకరించక్కర్లేదు అమ్మాయ్. మేం కళ్ళు మూసుకున్నప్పుడు నువ్వు తెరుచుకుని కూర్చో. ఎవరో ఒకరు చూస్తుండాలిగా’’ అన్నారు.

ఒక నెల కెన్యా వచ్చింది. అట్ట మీద మట్టి ఇంటి ముందు నిలబడ్డ పిల్ల, కాళ్ళకు చెప్పుల్లేవు. పుస్తకంలో ఉన్నట్టే టీచరు తెలుగులో చెప్పారు: ఆకలి, అజ్ఞానం, చీకటి. చివర ప్రార్థన: ‘‘చీకటిలో మగ్గుతున్న ఈ బిడ్డలకు వెలుగునివ్వు ప్రభువా.’’ అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను బొమ్మనే చూస్తున్నాను. ‘‘టీచర్, ఆ పిల్ల నవ్వుతోంది కదండీ, మనం ఏడుపు మొహాలు పెట్టామేంటి?’’ అన్నాను. పిల్లలు కిసుక్కున నవ్వారు. టీచరు మాత్రం అట్టను మళ్ళీ చూసి, ‘‘నాకు తెలీదమ్మా’’ అన్నారు.

తర్వాతి నెల పుస్తకం తెరిస్తే మన దేశం. తాటాకు ఇల్లు, బిందె ఎత్తుకున్న పిల్ల. టీచరు ఎప్పటిలాగే చదువుతూ తెలుగులో చెబుతున్నారు: వీళ్ళు ఆకలితో పడుకుంటారు, వీళ్ళకు ఏమీ తెలియదు, చీకటిలో... చేపల వేటకు వెళ్ళే వాళ్ళమ్మాయి మరియ లేచింది. ‘‘అది మా ఇల్లులాగే ఉంది టీచర్. ఆకలేంటండీ, ఇందాకే కదా కొయ్యింగ చేపల పులుసు తినొచ్చాను! చెయ్యి వాసన చూడండి.’’ ఎవరూ నవ్వలేదు. టీచరు పుస్తకం మూశారు.

ఈ కబురు సంఘపెద్దకు చేరింది. పై ఆదివారం ఆయన వరండా మెట్టు మీద నిలబడి, ‘‘వాళ్ళు ప్రేమతో పంపిన పుస్తకం కరుణమ్మా. ఉన్నది చదివి ప్రార్థన చేయించు. పిల్లల చేత ఎదురు ప్రశ్నలేయిస్తే తరగతి ఇంకొకరికి అప్పజెప్తాం’’ అన్నారు. ఆమె ‘‘అలాగే బాబాయి గారూ’’ అన్నారు. లొంగిపోయారనుకున్నాను. కానీ ఆమె సంచిలోంచి కెన్యా అట్ట తీసి మా ముందు నిలబెట్టారు.

‘‘పోయిన నెల ఈ పిల్ల గురించి లేనిది మీకు చెప్పాను. తెలియక చెప్పినా అబద్ధమే. పొరుగువాళ్ళ మీద లేనిది చెప్పకూడదని పది ఆజ్ఞల్లో మీ చేత వల్లె వేయించింది నేనే. ఈ పిల్ల పొరుగుది కాదా? ఆ చీకటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ప్రభువు నన్ను క్షమించాలి. మీరూ క్షమించాలి.’’

ఆ తర్వాత అట్ట తిప్పి పెన్సిలు మా చేతికిచ్చారు. ఆ పిల్లను ఏం అడగాలనుందో వెనక రాయమన్నారు. నీ పేరేంటి? మీకూ తుఫాను వస్తుందా? నిన్ను ఎవరు నవ్వించారు? మరియ రాసింది: మా గురించి నీకేం చెప్పారు? ఆ రోజు ప్రార్థన ఆ ప్రశ్నలే. ఆమె ఒక్కొక్కటీ చదివి ఆమెన్ అన్నారు. సంఘపెద్ద మెట్టు దిగి వెళ్ళిపోయారు.

పై వారం చాపలు పరిచింది వేరొకరు. కరుణమ్మ గారు వచ్చారు. వెనక చాప మీద పిల్లల మధ్య కూర్చున్నారు. తరగతి ముగిశాక అట్ట నా చేతిలో పెట్టి, ‘‘నువ్వే అడిగావుగా, నువ్వే ఉంచుకో’’ అన్నారు. అంతకు మించి ఆ విషయం ఆమె నోట మళ్ళీ వినలేదు.

పెద్దయ్యాక నేను స్వాములతోనూ పాస్టర్లతోనూ వేదికల మీద వాదించాను. దేవుడి విషయంలో ఆమెతో నేటికీ ఏకీభవించను. కానీ ఆమె పోగొట్టుకున్నంత పోగొట్టుకుని తప్పు ఒప్పుకున్న హేతువాదిని నేనింకా చూడలేదు. నాతో సహా.

‘‘ఇది అంటించొద్దండీ’’ అన్నాను సుబ్బారావు గారితో.

‘‘అదేంటి మేడమ్, లైను బ్రహ్మాండంగా ఉంది కదా! రాసింది మీరేగా?’’

‘‘నేనే. ఆ పల్లెల్లో ఎవరినైనా అడిగి రాశానా?’’

తడి ఆరకముందే కాగితం గోడ నుంచి ఊడదీశాను. జిగురు వేళ్ళకు అంటుకుంది. మిగిలిన పోస్టర్ల కట్ట తిప్పి పెట్టి, తెల్లగా ఉన్న వెనకవైపు పెన్నుతో ఆ పల్లెలవాళ్ళను అడగాల్సిన మొదటి ప్రశ్న రాశాను: మా గురించి మీకేం చెప్పారు?